ఉచిత వైద్యానికి అయ్యే ఖర్చు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



"ఆరోగ్యాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పవయ్యా" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను డాక్టరును కానండీ అన్నాను. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొంటున్నవాణ్ణి. నాకు తెలిసినవి కాగితాలు, కూడికలు. కనుక వైద్యం సంగతి వైద్యులకు వదలి, దాని ఖర్చు సంగతి మాత్రం మనవి చేస్తాను.

మేము అన్నదమ్ములం ఇద్దరం. తాతల నాడు కరీంనగరం నుంచి ఈ షోలాపూరు వచ్చినవాళ్లం. నాకు రైల్వే ఉద్యోగం దొరికింది. అన్న పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేస్తాడు, వదిన ఇంట్లో బీడీలు చుడుతుంది. నా వైద్యపు కార్డులో భార్యాబిడ్డలతో పాటు అమ్మ పేరు ఉన్నది. అన్న పేరు ఉండదు, నిబంధనలు ఒప్పుకోవు. ఒకే ఇంట్లో ఒకే కుండ అన్నం తినేవాళ్లకు రెండు రకాల వైద్యం అన్నమాట.

అన్నకు షుగరు. ఒకనాడు కాలి బొటనవేలికి పుండు లేచింది. సర్కారు దవాఖానాకు వెళ్లమన్నాను. "దవాఖాన ఫుకటే తమ్మీ, నా రోజు ఫుకటా?" అన్నాడు. చీటీకి ఒక పూట, రక్తపరీక్షకు ఒక పూట, రిపోర్టుకు మరొక పూట. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. నేను మారు చెప్పలేదు. ఆ నెలల్లోనే అమ్మను రెండుసార్లు రైల్వే ఆసుపత్రికి సెలవు పెట్టి మరీ తీసుకువెళ్లాను. అన్న కోసం ఒక్క పూట సెలవు పెట్టాలని తోచలేదు. చివరకు జ్వరంతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. రెండు వేళ్లు తీసివేశారు. 62,000 రూపాయలు అయినవి. వదిన గాజులు ఇంకా కుదువలోనే ఉన్నవి.

ఆ తరువాత ఈ విషయం మీద పెద్దలు ఏమి పరిశీలించారో చదవడం మొదలుపెట్టాను. 2017 జూలై నుంచి 2018 జూన్ వరకు కేంద్ర ప్రభుత్వపు నమూనా సర్వేవారు ఇంటింటా విచారించారు. ప్రసవాలు కాక, ఒకసారి ఆసుపత్రిలో చేరితే సర్కారు ఆసుపత్రిలో సగటున 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు వైద్యానికి అయినవి. మగ్గం ఆగిన రోజుల కూలి ఈ లెక్కలో లేదు. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టేది 2013–14లో నూటికి 64 రూపాయలు, 2021–22 నాటికి 39 అయినదని ప్రభుత్వ లెక్క. తగ్గినందుకు సంతోషమే. ఆ 39లో మా వదిన గాజుల వంటివి ఎన్ని ఉన్నవో!

అమెరికాలో ర్యాండ్ అనే సంస్థ 1970లలో మొదలుపెట్టి 1982 వరకు ఒక పరీక్ష జరిపింది. 2,700కు పైగా కుటుంబాలను లాటరీ పద్ధతిని పంచి, కొందరికి వైద్యం పూర్తిగా ఉచితంగా, కొందరికి ఖర్చులో కొంత వాటా పెట్టుకొనేటట్లు ఇచ్చారు. వాటా పెట్టుకొన్నవాళ్లు డాక్టరు దగ్గరకు తక్కువగా వెళ్లారు. వృథా వైద్యమే తగ్గితే మంచిదే, కాని అవసరమైనది కూడా అంతే తగ్గింది. బీదవారిలో రక్తపోటు ఉన్నవాళ్లకు ఉచిత వైద్యం వల్లనే మేలు జరిగింది. అన్న లెక్క కూడా అదే, ఆయన పెట్టే వాటా పేరు కూలి.

1994లో థాడియస్, మేన్ అనే ఇద్దరు ప్రసవాలలో తల్లులు చనిపోవడం గురించి రాస్తూ మూడు ఆలస్యాలు చెప్పారు: వెళదామని నిశ్చయించుకోవడంలో, అక్కడికి చేరడంలో, చేరిన తరువాత వైద్యం అందడంలో. మా యింట మొదటి ఆలస్యమే కొంప ముంచింది. దానిలో నా వంతు ఉన్నది.

ఇక కాగితాల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. మహారాష్ట్రలో అటువంటి పథకం 2012 జూలైలో మొదట ఎనిమిది జిల్లాలలో పెట్టినప్పుడు షోలాపూరు వాటిలో ఒకటి. 2017లో దానికి మహాత్మా జోతిరావ్ ఫూలే పేరు పెట్టారు. మరి అన్నకు ఎందుకు పనికిరాలేదు? మా రేషన్ కార్డు కాలం చేసిన నాన్న పేరిటే ఉండిపోయింది. అందులో అన్న ఇంటిపేరు మరాఠీ గుమాస్తా విన్నట్టు రాశాడు, ఆధార్‌లో మరొక తీరుగా ఉంది. మన ఇంటిపేర్లు వారి నోట తిరగవు, అది వారి తప్పు కాదు. జ్వరంతో మనిషిని పడుకోబెట్టి పేరు దిద్దించడం సాధ్యమా? పైగా ఈ పథకాలు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినవారికే, రోజూ మింగే షుగరు మాత్రలకు కావు. ఆ మాత్రలు సర్కారు దవాఖానాలో తెచ్చుకోవలసిందే. ఇప్పుడు అన్న బదులు నేను వెళ్లి తెస్తున్నాను.

వచ్చే ఆదివారం సాయంత్రం నేను సంఘం గదిలో కూర్చుంటాను. రేషన్ కార్డు, ఆధార్ రెండూ పట్టుకొని రండి, ఇంట్లో అందరి పేర్లూ అక్షరం అక్షరం సరిచూద్దాం. తేడా ఉంటే మరాఠీలో అర్జీ నేనే రాసిపెడతాను. వయసు మళ్లినవారు రాలేకపోతే పిల్లలచేత పంపండి.