మన కరెంటు బిల్లు ఎక్కడ రాశారు?

(వనస్థలిపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



ప్రపంచ పాలన అంటే మనకెందుకులే అనిపిస్తుంది. 2000లో కరెంటు బిల్లు చేతపట్టుకుని ఈ కాలనీ ఆడవాళ్లతో రోడ్డు మీద నిలబడ్డాకే ఆ మాట నాకు అర్థమైంది.

1998 మేలో కేంద్రం పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపింది. అమెరికా, దాని మిత్రదేశాలు కోపించి ప్రపంచబ్యాంకు నుంచి మనకు రావలసిన అప్పులు ఆపించాయి. కనీస మానవ అవసరాలకైతే ఇవ్వొచ్చని ఒక సందు ఉంచాయి. ఆ సందులోంచే జూన్‌లో మన రాష్ట్రానికి సుమారు 54 కోట్ల డాలర్ల అప్పు మంజూరైంది. బళ్లు, వైద్యం, పిల్లల పోషకాహారం, పల్లె రోడ్లు అందులోవే. బాంబుకూ అంగన్‌వాడీకీ ఏం సంబంధమమ్మా? ఆ బ్యాంకులో దేశానికో ఓటు కాదు, వాటాను బట్టి ఓట్లు. దాని నిబంధనావళి మార్చాలంటే 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే 15 శాతం పైన ఉన్నాయి.

విద్యుత్తు అప్పు 1999 ఫిబ్రవరిలో మంజూరైంది. ఆ నెల ఒకటో తేదీనే విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది. 2000లో ఛార్జీలు పెంచారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు. ముగ్గురు పోయారు.

పాపమంతా వాషింగ్టన్‌దే అంటే నేనొప్పుకోను. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది మన శాసనసభే, తుపాకులు ఎత్తింది మన పోలీసులే. కానీ మనం అడ్డుకోబోయింది అసెంబ్లీని. షరతులు రాసుకున్న బల్ల దగ్గర మనకు కుర్చీయే లేదు.

మీ సంఘానికి ఏ ప్రాజెక్టు పని వచ్చినా ముందు ఆ అప్పు ఒప్పందం అడగండి, తెలుగులో. దొరికితే నాకూ ఒక జిరాక్సు పంపండి.