చెరువు కట్ట కారుతుంటే

 

ఈ రోజు మాట చెరువు కట్ట గురించి. కట్ట సంగతి మగవాళ్ళు చూసుకుంటారులే అని చాలామంది అనుకుంటారు. మరి రోజూ కట్ట మీద నడిచేది ఎవరు? బట్టలు ఉతకడానికి పోయేది ఎవరు? కట్ట కింద గడ్డి కోసుకొచ్చేది ఎవరు? ఇంజనీరు ఏడాదికి ఒకటి రెండు సార్లు వస్తే గొప్ప. మీరు రోజూ చూస్తారు. అందుకే ఈ మాటలు మీకు.

తిరుపతి దగ్గర, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు ఉంది. పాత చెరువు, పెద్ద చెరువు. 2021 నవంబరులో ఎడతెగని వానలు పడ్డాయి. చెరువు నిండుకుండ అయింది. కట్టకి ఒకచోట నీళ్ళు కారడం కనపడింది. అధికారులు కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. కారే చోట ఇసుక బస్తాలు వేయించారు. చెరువు నీళ్ళు కొంత కిందికి వదిలారు. కట్ట నిలిచింది. ఊళ్ళు దక్కాయి.

అదే నెల 19న అన్నమయ్య ప్రాజెక్టు దక్కలేదు. అది అప్పటి కడప జిల్లాలో, రాజంపేట దగ్గర, చెయ్యేరు మీద ఉండేది. పైన ఉన్న పింఛా ప్రాజెక్టు కట్ట ముందు తెగింది. ఆ వరదంతా వచ్చి దీని మీద పడింది. ఉన్న గేట్లలో ఒకటి లేవలేదు. నీళ్ళు మట్టికట్ట మీదుగా దొర్లాయి. కట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళ మీద వరద పడింది. ఇళ్ళు పోయాయి, గొడ్లు పోయాయి, మనుషులు పోయారు.

ఊరి చెరువు అంత పెద్దది కాదు కదా, దానికేం భయం అనుకోవద్దు. చెరువులు గొలుసులాగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పై చెరువు తెగితే కింది చెరువు ఆగడం కష్టం.

మట్టికట్ట లోపలి నీళ్ళను మోస్తుంది. మీద నుంచి పారితే మాత్రం ఓర్చుకోలేదు. ఆ నీళ్ళు బయటి వాలును కోసేస్తాయి. కట్ట తెగడానికి ఎన్నో గంటలు పట్టదు. అందుకే పెద్దవాళ్ళు అలుగు పెట్టారు. మత్తడి అన్నా, కలుజు అన్నా అదే. అలుగు కట్ట కన్నా కిందికి ఉంటుంది. ఎక్కువైన నీళ్ళు దాని మీద నుంచి పోతాయి.

ఇప్పుడు చెప్పేది కొందరికి కోపం తెప్పిస్తుంది. ఇంకొక జానెడు నీళ్ళు ఆగితే ఇంకొక మడి పండుతుందని అలుగు మీద బస్తాలు పేరుస్తారు. రాళ్ళు పెట్టి మట్టి మెత్తుతారు. పెద్ద వాన రాత్రి వస్తే ఆ బస్తాలు తీసేది ఎవరు? ఆ జానెడు నీళ్ళ కోసం ఊరంతా ప్రాణం పణం పెట్టినట్టే. అలుగు వాగులో తుమ్మచెట్లు మొలిచినా, ఎవరన్నా కలిపేసుకొని దున్నినా అంతే సంగతి. నీళ్ళకి దారి ఉండదు.

ఇక లోపల నుంచి తెగడం. ఇది కంటికి తొందరగా కనపడదు. ఎలుకలు, ఎండ్రకాయలు బొక్కలు చేస్తాయి. చెట్టు ఎండిపోతే వేరు కుళ్ళి లోపల సొరంగం మిగులుతుంది. తూము పక్కన మట్టి సరిగ్గా కూరకపోతే ఆ సందులో నీళ్ళు దారి చేసుకుంటాయి. ఇల్లు అలకడానికని కట్ట మట్టే తవ్వుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. గంపెడు మట్టే కదా అంటారు. అందరూ గంపెడు తవ్వితే కట్ట సన్నబడుతుంది.

కట్ట కింద కొంచెం చెమ్మ, సన్నని ఊట చాలా చెరువులకి ఉంటుంది. దానికి కంగారు అక్కరలేదు. ఆ ఊట నీళ్ళు గాజు గ్లాసులో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. తేటగా ఉంటే రోజూ చూస్తూ ఉండండి. అడుగున మట్టి దిగిందా, అప్పుడు భయపడాలి. ఆ మట్టి కట్ట లోపలిది. అంటే కట్ట లోపల గుల్లబారుతోంది. నిన్నటి కన్నా ఈ రోజు నీళ్ళు ఎక్కువ వస్తున్నా, కట్ట మీద గుంట పడినా, పొడుగ్గా బీట తీసినా ఆలస్యం చేయకూడదు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నీళ్ళు వచ్చే బొక్కలో బయటి నుంచి బంకమట్టి కుక్కుతారు. అలా చేస్తే నీళ్ళు లోపలే ఒత్తుకొని ఇంకో చోట పగలగొట్టుకొని వస్తాయి. గంజి వార్చేటప్పుడు గుడ్డ అడ్డం పెడతారు. గంజి పోతుంది, మెతుకు నిలుస్తుంది. ఇక్కడా అంతే. కారే చోట ముందు ఇసుక పోయాలి. దాని మీద కంకర, ఆ పైన రాళ్ళు. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చాలి. నీళ్ళు పోవాలి, మట్టి పోకూడదు. చెరువు లోపలి వైపు బొక్క ఎక్కడుందో తెలిస్తే దాన్ని మూయాలి. తూము తెరిచి నీటిమట్టం దించాలి. ఇంజనీరు వచ్చేదాకా చేసే పని ఇది. కట్ట తెగేలా ఉంటే ఇవన్నీ వదిలేసి పిల్లల్ని, ముసలివాళ్ళను మెట్టకు చేర్చాలి. చూడ్డానికని కట్ట మీదికి ఎవర్నీ పోనివ్వకూడదు.

పూర్వం నీరటికాడు కట్టను కనిపెట్టుకొని ఉండేవాడు. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఆ మనిషి లేడు. 2021లో ఆనకట్టల భద్రతకు కేంద్రం చట్టం చేసింది. అది 15 మీటర్ల కన్నా ఎత్తున్న వాటికి, 10 నుంచి 15 మీటర్ల లోపు కొన్నిటికి వర్తిస్తుంది. ఊరి చెరువులు చాలావరకు అంత ఎత్తు ఉండవు.

కాబట్టి వానలకు ముందే, వైశాఖంలో చెరువు ఎండినప్పుడే, పదిమంది కలిసి కట్ట ఆ చివర నుంచి ఈ చివరకు నడవండి. తూము తలుపు కదులుతుందో లేదో తిప్పించి చూడండి. చూసింది కాగితం మీద రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. చెరువు పేరు, ఊరు, తేదీ రాయాలి. కట్ట బాగాలేదు అంటే చాలదు. తూముకి ఎడమ పక్క ఇరవై అడుగుల దూరంలో బొక్క ఉంది, నీళ్ళు మట్టిగా వస్తున్నాయి అని రాయాలి. కింద అందరూ సంతకాలు పెట్టండి. ఒక అర్జీ పంచాయతీలో, ఒకటి ఇరిగేషను ఆఫీసులో ఇవ్వండి. మూడోది మీ దగ్గర ఉంచుకొని, దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.