తొలినాటి చలనచిత్రములలో కూర్పు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)

 

పాఠశాలలో సినిమాను గూర్చి ప్రసంగమేమిటని పెద్దలలో కొందరికి సందేహము కలుగవచ్చును. నేను తారలను గూర్చి చెప్పబోవుట లేదు. సినిమా మొదట పేర్లు పడునప్పుడు మనము చదువక విడిచిపెట్టు ఒక మాటను గూర్చి చెప్పదలచితిని. ఆ మాట "కూర్పు". ఇంగ్లీషువారు ఎడిటింగ్ అనుదానికి మన చిత్రములవారు పెట్టుకొన్న పేరిది. పూలు కూర్చుట, గ్రంథము కూర్చుట అని మన పెద్దలు వాడిన మాటయే. పూలు తోటలోనివే, దండ మాత్రము కూర్చినవారిది. ఈ విద్య ఎట్లు పుట్టినదో, ఎట్లు పెరిగినదో తెలిసికొనుట వలన నేటి పిల్లలకు ఒక ప్రయోజనము కలదు. దానిని చివర మనవి చేయుదును.

1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరములో లూమియేర్ సోదరులు డబ్బు తీసికొని ప్రజలకు చలనచిత్రములను ప్రదర్శించిరి. మరుసటి సంవత్సరము జూలై 7వ తేదీన బొంబాయిలోని వాట్సన్ హోటలులో ఆ వింత మన దేశమునకు వచ్చెను. ఆ చిత్రములు ఒక్కొక్కటి ఒక్క నిమిషమునకు మించవు. రైలు వచ్చును, కార్మికులు కర్మాగారము నుండి వెలుపలికి వత్తురు, ఫిల్ము అయిపోవును. కెమెరా ఒకచోట నిలిచి చూచినదంతయు చిత్రమే. అందు కోతయు లేదు, అతుకును లేదు.

మొదటి కోత పొరపాటున దొరకినదని ఫ్రాన్సు దేశపు ఇంద్రజాలికుడు జార్జి మెలియే చెప్పుకొనెను. ఆయన పారిస్ వీథిలో చిత్రము తీయుచుండగా కెమెరాలో ఫిల్ము చిక్కుకొనెనట. సరిచేసి మరల త్రిప్పెను. తరువాత తెర మీద చూడగా వీథిలో పోవు బండి హఠాత్తుగా శవవాహనముగా మారినదట! కెమెరా ఆగిన ఆ కొద్దికాలము తెర మీద కనబడదు గదా. ఈ సూత్రమును పట్టుకొని మెలియే మాయలెన్నో చేసెను. మన "మాయాబజార్"లో ఘటోత్కచుడు శశిరేఖగా మారిన అద్భుతమునకు మూలమున ఉన్నదియు ఇట్టి యుక్తియే.

తరువాతి మెట్టు కథ చెప్పుట. ఇంగ్లండులో బ్రైటన్ ప్రాంతమువాడైన జి. ఏ. స్మిత్ 1900లో ఒక చిన్న చిత్రము తీసెను. పిల్లవాడు అవ్వగారి భూతద్దము తీసికొని వస్తువులను చూచుచుండును. పిల్లవాడు చూచుట ఒక ముక్క. అద్దములో కనబడిన గడియారపు యంత్రమో, అవ్వ కన్నో పెద్దదిగా మరొక ముక్క. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన చేర్చగానే, మనమే ఆ పిల్లవాని కంటితో చూచుచున్నట్లు తోచును. 1903లో అమెరికాలో ఎడ్విన్ పోర్టర్ "ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ" తీసెను. దాని నిడివి సుమారు 12 నిమిషములు. దొంగలు స్టేషనులోని టెలిగ్రాఫు ఉద్యోగిని కట్టివేసి, రైలును దోచి, పారిపోవుదురు. అప్పుడు కథ వెనుకకు మరలి, ఆ ఉద్యోగి ఏమయ్యెనో చూపును. "ఇంతలో అక్కడ" అని మన హరికథకులు నోటితో చెప్పుదురే, ఆ పనిని కత్తెర చేయ నారంభించినది.

దానిని శాస్త్రముగా పెంచినవాడు డి. డబ్ల్యూ. గ్రిఫిత్. 1909 నాటి "ది లోన్లీ విల్లా"లో ఇంటిలోనికి చొరబడు దొంగలు, లోపల భయపడు తల్లీబిడ్డలు, దూరము నుండి పరుగెత్తి వచ్చు తండ్రి – ఈ మూడు చోట్లను ఒకదాని వెంట ఒకటి మార్చి మార్చి చూపెను. ముక్కలు పొట్టివైనకొలది ప్రేక్షకుని గుండె వేగము హెచ్చును. 1916లో "ఇన్‌టాలరెన్స్" అను చిత్రములో నాలుగు యుగముల కథలను జడ అల్లినట్లు అల్లెను. ఆ చిత్రమును రష్యావారు శ్రద్ధగా పరిశీలించిరి.

రష్యాలో అప్పుడు విప్లవానంతరము ఫిల్ము కొరత. కొత్త ఫిల్ము దొరకనందున, ఉన్న ముక్కలనే మార్చి మార్చి అతికి చూచిరి. లెవ్ కులెషోవ్ అను అధ్యాపకుడు చేసిన ప్రయోగము జగత్ప్రసిద్ధము. ఒక నటుని ముఖము, ఏ భావమును లేనిది, తీసికొనెను. దాని ప్రక్కన ఒకసారి పులుసు గిన్నెను, ఒకసారి శవపేటికను, ఒకసారి ఒక స్త్రీని చేర్చెను. చూచినవారు ఆహా, ఆకలిని ఎంత బాగుగా నటించినాడు, దుఃఖమును ఎంత బాగుగా నటించినాడు, అని మెచ్చుకొనిరట. ముఖము మాత్రము ఒక్కటే! భావము ఆ ముఖములో లేదు, గిన్నెలో లేదు. రెండు ముక్కల నడుమ, చూచువాని మనస్సులో పుట్టినది. నేటి నా ప్రసంగమునకు ఇదియే ప్రాణము. 1925లో ఐజెన్‌స్టైన్ "బ్యాటిల్‌షిప్ పోటెంకిన్"లో ఒడెస్సా మెట్ల మీది ఘోరమును ముక్కలు ముక్కలుగా కూర్చి, కొద్ది క్షణముల కాలమును సాగదీసి చూపెను.

ఇంక మన దేశము. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే "రాజా హరిశ్చంద్ర" తీసినప్పుడు ఇంటిలోనే ప్రయోగశాల. ఆయన సతీమణి సరస్వతీబాయి వంట చూచుకొనుచునే ఫిల్ము కడుగు పనిలోను తోడ్పడెను. ఈ విద్యలో స్త్రీల పాత్ర మొదటినుండియు గొప్పది. అమెరికాలో మార్గరెట్ బూత్ గ్రిఫిత్ వద్ద ముక్కలతుకు చిన్న పనితో మొదలిడి, మహా ఎడిటరు అయి, 1978లో గౌరవ ఆస్కారు పొందెను. బాలికలు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

తెలుగువారిలో మొదటివాడు బందరున పుట్టిన రఘుపతి వెంకయ్య. ఆయన తన కుమారుడు ప్రకాశ్‌ను ఈ విద్య నేర్చుటకు ఇంగ్లండు పంపెను. 1921 నాటి "భీష్మప్రతిజ్ఞ" ఆ తండ్రీకొడుకుల కృషి. ఆ మూకీని ప్రకాశ్ ఎట్లు కోసెనో, ఎట్లు అతికెనో మనము చూడలేము. ఆ ఫిల్ము నిలువలేదు. నాటి ఫిల్ము త్వరగా మండును, త్వరగా చెడును. మన తొలి కూర్పు పాఠములు అట్లే కాలములో కలిసిపోయినవి.

1931లో ధ్వని వచ్చెను. మాట వచ్చినందువలన కూర్పు కొంతకాలము కుంటుపడెను. కారణము చెప్పెదను. "ఆలమ్ ఆరా"ను తీసిన పద్ధతిలో బొమ్మయు ధ్వనియు ఒకే ఫిల్ము మీద పడును. అయితే ధ్వని తన బొమ్మ ప్రక్కనే ఉండదు; సుమారు 20 ఫ్రేములు ముందుగా ఉండును. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఇది ముప్పాతిక సెకనుకు పైమాట. బొమ్మను సరియైన చోట కోసిన, మాట నడుమ తెగును. మాటను కాపాడబోయిన, బొమ్మ మిగిలిపోవును. అందుచే పాత్రలను నిలువబెట్టి దీర్ఘముగా తీయవలసి వచ్చెను. ధ్వనికి వేరు ఫిల్ము, బొమ్మకు వేరు ఫిల్ము అను పద్ధతి స్థిరపడిన పిదపనే కత్తెరకు మరల స్వేచ్ఛ కలిగెను.

ఆ 1931లోనే అక్టోబరు 31వ తేదీన హెచ్. ఎం. రెడ్డిగారి "కాళిదాస్" మద్రాసులో విడుదలయ్యెను. కథానాయిక టి. పి. రాజలక్ష్మి తమిళమున పలుకగా, నాయకుడు తెలుగున బదులు చెప్పెను. ఒకే సంభాషణలో రెండు భాషలు! ఇంట తెలుగు, వీథిలో తమిళము పలుకు మనకు ఇది వింత కాదు. ఆనాటి ప్రేక్షకులకును కాలేదు. అతుకు సరిగా కుదిరిన, రెండు భాషల నడుమను అర్థము పుట్టును. ఆ ఫిల్మును నేడు లేదు. మరుసటి సంవత్సరము వారి "భక్త ప్రహ్లాద"తో పూర్తి తెలుగు టాకీ వచ్చెను.

చిత్రనిర్మాణము మనకు దూరపు సంగతి కాదు. 1965 వరకు మన కల్లావి ప్రాంతము సేలము జిల్లాలోనిదే. ఆ సేలములోనే టి. ఆర్. సుందరముగారి మోడరన్ థియేటర్స్ నూరు చిత్రములకు పైగా నిర్మించినది. నేడచ్చట స్టూడియో లేదు. ద్వారతోరణము మాత్రము నిలిచియున్నది.

ఈ పనిలో శ్రమ ఎంతయో ఒక లెక్క చూడుడు. 35 మిల్లీమీటరుల ఫిల్ము నిమిషమునకు 90 అడుగులు నడచును. 1957 నాటి "మాయాబజార్" నిడివి 184 నిమిషములు. అనగా 16,560 అడుగులు, 2,64,960 ఫ్రేములు. ఆ చిత్రమునకు కూర్పు సి. పి. జంబులింగము, జి. కళ్యాణసుందరముగార్లది. నాటి ఎడిటరు ఫిల్మును వెలుగునకెత్తి చూచి, కత్తిరించి, అంచున పూత గీకి, జిగురు వ్రాసి, అదిమి పట్టి అతుకవలెను. దర్శకులు కె. వి. రెడ్డిగారు చిత్రీకరణకు ముందే అభ్యాసములు చేయించి, ప్రతి దృశ్యమునకు కాలము లెక్కించెడివారు. కూర్పు కాగితము మీదనే సగము ముగిసెడిది.

నేడు కత్తెరయు లేదు, జిగురును లేదు. చేతిలోని ఫోనులో పదేండ్ల పిల్లవాడు కోయగలడు, అతుకగలడు. నేను చివర చెప్పెదనన్న ప్రయోజన మిచ్చటనే కలదు. ఒక నాయకుని నవ్వు ప్రక్కన ఒక ప్రమాద దృశ్యమును చేర్చిన, అతడు కష్టమును చూచి నవ్విన క్రూరుడగును. అదే నవ్వు ప్రక్కన పసిబిడ్డను చేర్చిన, దయామయుడగును. రెండు ముక్కలును నిజమే. అతుకు మాత్రము అబద్ధము. కులెషోవ్ నూరేండ్ల క్రిందట తరగతి గదిలో చూపినదానిని నేడు ఎవరైనను, ఎవరిమీదనైనను ప్రయోగింపగలరు. ఒక కులము మీద, ఒక మతము మీద, ఒక భాషవారి మీద ద్వేషము పెంచుటకు ఇంతకన్న చౌకయైన సాధనము లేదు. సంఖ్యలో కొద్దివారమైన మనము ఈ సంగతి మరింతగా తెలిసియుండవలెను.

కావున విద్యార్థులారా, ఇకమీదట ఏ చిత్రము చూచినను మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ ముక్కకు ముందేమి ఉండెను? తరువాత ఏమి ఉండెను? ఈ రెండింటిని ఇట్లు చేర్చినవారు ఎవరు? వ్యాకరణము నేర్చినవాడు సంధిని విడదీసి పదములను గుర్తించును. చిత్రము చూచువాడును అట్లే అతుకును విడదీసి చూడ నేర్వవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పాత పత్రికలలోని నాలుగు బొమ్మలను పిల్లల కిచ్చి, వరుస మార్చి మార్చి కథ చెప్పించుడు. ఖర్చు లేని పాఠమిది. దండ కూర్చువాడు తన పూలయెడ ఎంత నిజాయితీగా ఉండవలెనో పిల్లలు తామే గ్రహింతురు.