టీవీ మన గూడెంలో ఉండాలి, మన మాట టీవీలో ఉండాలి
(సాంస్కృతిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టెలివిజన్ వల్ల మేలా, కీడా అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. బడిలో వ్యాసరచన పోటీకి మనలో చాలామంది రాసిన అంశమే ఇది. కానీ ఆదిలాబాద్ గోండు గూడెంలో ఈ ప్రశ్నకు ఇంకో అర్థం ఉంది. మన ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, టీవీ మాట్లాడే భాష మరొకటి.

ముందు మేలు చెప్పుకుందాం. 2020లో కరోనా వల్ల బడులు మూతపడితే, సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు వచ్చాయి. సెల్‌ఫోన్ సిగ్నల్ అందని చోట టీవీయే పంతులు అయింది. 2021లో మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజు గారికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు, మన నెమలి ఈకల టోపీని ఊరూరా జనం టీవీలోనే చూశారు. మరుసటి ఏడాది కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారి విషయంలోనూ అంతే. కేస్లాపూర్ నాగోబా జాతరకు రాలేనివాళ్లు దాన్ని ఇంట్లో కూర్చుని చూస్తున్నారు. ఇవి చిన్న మేళ్లు కావు.

మన దేశంలో టీవీ పల్లెకు వచ్చిందే చదువు చెప్పడానికి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల పాఠాల కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చుని చూసేది. ఆ కార్యక్రమాలు హిందీ, తెలుగు, కన్నడ, ఒడియా భాషల్లో వచ్చాయి. 2011 లెక్కల ప్రకారం గోండి మాతృభాషగా ఉన్నవారు 29 లక్షల పైనే. అయినా టీవీలో వందల ఛానళ్లు తిప్పినా మన మాట వినిపించడం అరుదు. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం గోండిలో కార్యక్రమాలు ఇచ్చింది. రేడియోకు చేతనైన పని టీవీకి ఎందుకు చేతకాదు?

ఇక కీడు. సినిమాల్లో అడవి మనుషులని చెప్పి ఈకలు కట్టి, ఈటెలు పట్టించి, అర్థం లేని కూతలు కూయిస్తారు. అది చూసి పక్కవాళ్లు నవ్వితే మన పిల్లవాడు తలదించుకుంటాడు. గుస్సాడీ వేసినవారు దీక్ష ముగిసేదాకా స్నానం చేయరని, అది వేషం కాదు మొక్కు అని ఆ తెర చెప్పదు. తెల్లగా ఉంటేనే అందమని ప్రకటన చెబితే మన ఆడపిల్ల అద్దం ముందు చిన్నబోతుంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం సాయంత్రాలది. పెర్సాపేన్ పూజలో ప్రధాన్ కిక్రి వాయిస్తూ చెప్పే కథలో మన వంశం పుట్టుక ఉంది. మనది నాలుగు సగనా, ఐదా, ఆరా, ఏడా, ఎవరితో వియ్యం కలవాలి, ఎవరు మనకు అన్నదమ్ములు అన్నీ అందులోనే ఉన్నాయి. పూజ రోజూ వచ్చేది కాదు. దాని అర్థం పిల్లలకు చెప్పేది మాత్రం ఇంట్లో పెద్దలు, రాత్రి అన్నాల వేళ. ఆ వేళే సీరియల్ వేళ అయింది. సీరియల్‌లో ఎవరు ఎవరికి కోడలో గడగడా చెప్పే పిల్లలు తమ సగ ఏదంటే అమ్మ వైపు చూస్తున్నారు.

అలాగని టీవీలు పగలగొట్టమని నేను చెప్పను. మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, రాత్రి ఒక గంట టీవీ ఆపి పిల్లలతో గోండిలోనే మాట్లాడండి. ఆ గంట తాత, అవ్వలది. రెండు, కిక్రి వాయించే పెద్దలు ఉండగానే వారి కథలను మన యువకులు వారి అనుమతితో రికార్డు చేయాలి. ప్రధాన్‌కు ఇవ్వాల్సిన కానుక, మర్యాద ఇచ్చే చేయాలి. మూడు, టీవీలో గోండి, కొలామి, కోయ భాషలకు రోజూ కొంత సమయం కావాలని మనమంతా కలిసి అడగాలి. అడగకుండా అమ్మయినా పెట్టదంటారు.

నాగోబా జాతరను టీవీలో చూపించేటప్పుడు దాని కథ చెప్పే గొంతు కూడా మనదే కావాలి. అప్పుడే ఆ పెట్టె మన ఇంటికి చుట్టం అవుతుంది.