ఇన్వాలిడేషన్: ఐదు ముక్కల మాట

సింగరేణి బొగ్గుగని కార్మికుల ఇళ్లలో కాగితం చదువుతూ చాలామంది తడబడే మాట ఒకటుంది: మెడికల్ ఇన్వాలిడేషన్. బాయి దగ్గర అన్‌ఫిట్ అంటే సరిపోతుంది. దరఖాస్తులో మాత్రం ఈ పెద్ద మాటే ఉంటుంది. జబ్బు వల్ల కార్మికుడు ఇక పని చేయలేడని మెడికల్ బోర్డు తేల్చడమే దీని అర్థం. 2017లో హైకోర్టు వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కొట్టేశాక, జబ్బుపడ్డ కార్మికుడి బిడ్డకు కారుణ్య నియామకం దొరకాలంటే ఈ మాటే ఆధారమైంది. అందుకే దీన్ని ధైర్యంగా పలకడం రావాలంటాను.

విడదీసి పలుకుదాం. ఇన్, వ్యా, లి, డే, షన్. మన తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానంగా నడుస్తాయి. ఇంగ్లీషులో ఒక ముక్క మీద గొంతు గట్టిగా పడాలి. ఇక్కడ అది ‘డే’. ‘వ్యా’ మీద కొంచెం ఒత్తు చాలు, ‘షన్’ తేలిపోవాలి. ఇలా షన్‌తో ముగిసే మాటల్లో ఒత్తు దానికి ముందున్న ముక్క మీద పడుతుంది. కాంపెన్సేషన్‌లో ‘సే’, సూపరాన్యుయేషన్‌లో ‘ఏ’. పైకి రెండుమూడు సార్లు అని చూడండి, నాలుకకు అలవాటైపోతుంది.

దీని మూలమాట ఇన్వాలిడ్‌తో మాత్రం జాగ్రత్త. ఒత్తు ‘ఇన్’ మీద పెడితే మంచాన పడ్డ రోగి. ‘వ్యా’ మీద పెడితే చట్టం ముందు చెల్లని కాగితం.