పాత ఆయిలింజనుకు బదులు కొత్తది కొనేటప్పుడు

(కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతాల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ పంటను గూర్చి కాక, పంటకు నీరు తోడే ఇంజనును గూర్చి మాట్లాడదలచాను. సేద్యశాస్త్రం చెప్పేవానికి ఇంజనుతో ఏమి పని అని మీకు తోచవచ్చును. పైరుకు ఎన్ని తడులు కావలెనో, తడికి ఎన్ని అంగుళాల నీరు కావలెనో చెప్పేవారం మేమే గదా. ఆ తడికి ఎన్ని లీటర్ల డీజిలు కాలినదో చూడకపోతే మా సలహా సగం సలహాయే అవుతుంది.

1963 జులై 26న పోచంపాడు వద్ద నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరు ప్రాజెక్టు వలన కరీంనగరు వైపు చాలా భూములకు కాలువ నీరు అందింది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో సేద్యానికి రాత్రింబవళ్లు ఉచిత విద్యుత్తు ఇవ్వటం మొదలయింది. స్తంభం దగ్గరలో ఉన్న రైతు కరెంటు మోటారే పెట్టుకోవలెను. అతనికి నా మాటలతో పని తక్కువ. కాని పెన్‌గంగ, ప్రాణహిత ఒడ్లను, కడెం, పెద్దవాగుల వెంట కరెంటు తీగ చేరని చెలకలు ఉన్నవి. వాన ముఖం చాటు చేసిన ఏట అక్కడ పత్తిని గట్టెక్కించేది ఆయిలింజనే. మానేరు వెంట, కాలువల చివర కూడా మిగులు నీటిని ఎత్తి పోసుకొనేవారు ఉన్నారు. నేను మాట్లాడేది వీరితో.

ఇంజను పాతబడుతుంది. ఉదయం నాలుగుసార్లు తిప్పితే గాని అందుకోదు. నల్లని పొగ వదులుతుంది. నాజిలు మార్చినా, రింగులు మార్చినా ఒక పంట కాలమే నిలుస్తుంది. ఇక లాభం లేదని రైతు పట్నానికి బయలుదేరుతాడు. దుకాణదారు అడిగే మొదటి మాట, ఎన్ని హెచ్.పి. కావలెను అని. పాతది అయిదు, అది చాలలేదు, ఈసారి ఎనిమిది ఇయ్యి అంటాడు రైతు. నష్టం మొదలయ్యేది ఇక్కడనే. పాతది నిజంగా చాలలేదా, ఎందువల్ల చాలలేదు అని ఎవరూ అడుగరు.

కొనబోయే ముందు పాత ఇంజనును ఒక గంట పరీక్షించండి. దీనికి కావలసినవి 200 లీటర్ల డ్రమ్ము, ఒక గడియారం, లీటరు కొలత. నీరు పోసే పైపు కింద డ్రమ్ము పెట్టి అది ఎన్ని సెకన్లలో నిండునో చూడండి. 20 సెకన్లలో నిండితే సెకనుకు 10 లీటర్లు వస్తున్నదన్నమాట. తరువాత ఇంజను ట్యాంకును అంచు వరకు నింపి సరిగా గంట నడిపి, ఆపి, మళ్లీ అంచు వరకు కొలిచి పోయండి. పట్టినంత డీజిలు ఆ గంట ఖర్చు. ఈ రెండు అంకెలు కాగితం మీద వ్రాసుకొని జేబులో పెట్టుకోండి. ఏ అమ్మకందారు మాట కన్నా ఈ కాగితం మీకు ఎక్కువ ఉపయోగిస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. సెకనుకు వచ్చే లీటర్లను, నీరు ఎక్కవలసిన మొత్తం ఎత్తు మీటర్లతో గుణించి, 75తో భాగిస్తే నీటిని ఎత్తటానికి కావలసిన అశ్వశక్తి వస్తుంది. ఎత్తు అంటే వాగులో నీటి మట్టం నుండి పైపు మూతి వరకు ఉన్న ఎత్తు ఒక్కటే కాదు. పైపులో నీరు రాసుకొనటం వల్ల పోయే బలాన్ని కూడా ఎత్తుగానే లెక్క కట్టవలెను. వాగు గట్టు 6 మీటర్లనుకోండి. పైపు 30 మీటర్ల పొడవు, 80 మిల్లీమీటర్ల వ్యాసం. సెకనుకు 10 లీటర్లు పోయేటప్పుడు రాపిడి వలన సుమారు ఒకటిన్నర మీటరు, ఫుట్‌వాల్వు, వంపుల వలన మరి అరమీటరు పోతుంది. మొత్తం 8 మీటర్లు. పదిని ఎనిమిదితో గుణించి 75తో భాగిస్తే ఒకటికి కొంచెం పైన వస్తుంది. పంపు తనకిచ్చిన బలంలో సగమే నీటికి అందిస్తుందనుకొన్నా, ఇంజను ఇవ్వవలసింది రెండు అశ్వశక్తుల చిల్లర. పావువంతు నిలవ ఉంచుకొన్నా మూడు అశ్వశక్తుల ఇంజను సరిపోతుంది. ఎనిమిది ఎక్కడ, మూడు ఎక్కడ!

పెద్దది కొంటే ఏమి తప్పు, బరువు లేక సుఖంగా నడుస్తుంది గదా అని ఇందాక ఒక పెద్దమనిషి అడిగారు. మంచి ప్రశ్న. ఎడ్లకు ఆ మాట నిజమే, ఇంజనుకు కాదు. ఇంజను తన పిస్టనును, చక్రాన్ని, వాల్వులను తిప్పుకోవటానికే కొంత నూనె కాలుస్తుంది. ఆ ఖర్చు పని కొంచెమైనా, నిండుగా ఉన్నా ఇంచుమించు ఒకటే. నిండు పని మీద ఉన్నప్పుడు ఆ ఖర్చు పని మీద పంచబడుతుంది. పావు పని మీద నడిచేటప్పుడు అదే పెద్ద భారమవుతుంది. అంతే గాక సిలిండరు తగినంత వేడెక్కక నూనె పూర్తిగా కాలదు. నాజిలుకు, వాల్వులకు మసి పట్టుతుంది. తన శక్తిలో ముప్పాతిక పాలు పనిచేసే ఇంజనే పొదుపైన ఇంజను.

ఇక పైపు సంగతి. ఇక్కడ కొంచెం నిలుస్తాను, ఎందుకంటే చాలా పొలాల్లో డీజిలును తినేది ఇంజను కాదు, పైపు. పైన చెప్పిన చోటనే 80కి బదులు 65 మిల్లీమీటర్ల పైపు వేశారనుకోండి. రెండున్నర అంగుళాల పైపు చవక గదా అని వేస్తారు. అదే 10 లీటర్లు పోవటానికి రాపిడి నష్టం ఒకటిన్నర మీటరు నుండి నాలుగు మీటర్లు దాటిపోతుంది. వంపుల నష్టం కూడా పెరిగి మొత్తం ఎత్తు 11 మీటర్లు మించుతుంది. ఇంజను మీద భారం రెండు చిల్లర నుండి మూడు అశ్వశక్తులకు పోతుంది. గట్టు ఎత్తు పెరగలేదు, నీరు ఒక చుక్క ఎక్కువ రాలేదు, డీజిలు మాత్రం నూటికి నలభై పాళ్లు ఎక్కువ. మూడు హెచ్.పి. చాలలేదని రైతు అయిదు కొన్నది ఈ పైపు వల్లనే. ఎనిమిది కొని అదే పైపుకు తగిలిస్తే వ్యాధి ఒకచోట, మందు ఒకచోట వేసినట్లు.

కాబట్టి ఇంజను మార్చే ముందు పైపు చూడండి. తుప్పు పట్టిన ఇనుప పైపు ఉంటే తీసి నునుపైన గట్టి పి.వి.సి. పైపు వేయండి. కుడివంపు వంపులు మాని, విశాలమైన వంపులు పెట్టండి. ఫుట్‌వాల్వు జల్లెడ కన్నాలు నాచుతోను, పత్తి ఆకుతోను మూసుకొని ఉంటే ఇంజను ఊపిరాడని మనిషివలె రొప్పుతుంది. పంపును నీటికి వీలయినంత దగ్గరగా దింపండి. పీల్చే ఎత్తు 5 మీటర్లు మించకుండటం మేలు. గోదావరి ఇసుక నీరు తోడిన పంపు లోపలి చక్రం అరిగి పలుచబడుతుంది, దానిని విప్పి చూడండి. ఇంకొక అలవాటు ఉన్నది. పైపు మూతిని గట్టు మీద ఎత్తుగా నిలబెట్టి నీటిని దూకిస్తారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కాని పై లెక్కలో మూతిని కాలువ మట్టానికి ఒక మీటరు దింపితే ఎనిమిదో వంతు భారం తగ్గుతుంది. ఖర్చు లేని పొదుపు అది.

ఇవన్నీ సరిచేసి మళ్లీ డ్రమ్ము పరీక్ష చేస్తే, కొందరికి కొత్త ఇంజను అవసరమే ఉండకపోవచ్చును. నల్లపొగ బరువు మించినందుకు, గాలి జల్లెడ మూసుకొన్నందుకు, లేదా నాజిలు చెడినందుకు గుర్తు. నీలిపొగ అయితే కందెన నూనె కాలుతున్నది. రింగులో, సిలిండరో అరిగినవి. నీలిపొగతో పాటు అదుము బలం కూడా పోయిన ఇంజనుకు మరమ్మతు మీద మరమ్మతు చేయించటం దండుగ. దానిని మార్చండి.

మార్చేటప్పుడు ఏ రకం? చాలామంది ఎరిగినది రాజ్‌కోటు వైపు నుండి వచ్చిన నిదానపు, బరువైన ఇంజను. ఊళ్లో మేస్త్రీకి దాని కీలు కీలూ తెలుసు. ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాని దానిని బెల్టుతో పంపుకు కలుపుతారు. బెల్టు జారితే పదింట ఒక వంతు బలం గాలికి పోతుంది. వదులైతే ఇంకా ఎక్కువ. నిమిషానికి 1500 తిరుగుళ్ల ఇంజనును పంపుతో ఒకే ఇరుసు మీద కలిపిన మోనోసెట్టుకు ఆ నష్టం లేదు. ఒకే చోట నిలిపి యాసంగి అంతా నడిపేవారికి నా మాట ఇదే. నిమిషానికి 3000 తిరుగుళ్ల తేలిక ఇంజన్లు మోసుకుపోవటానికి వీలు, అరుగుదల త్వరగా వస్తుంది.

పెట్రోలుతో, కిరసనాయిలుతో నడిచే చిన్న ఇంజన్లు కూడా ఉన్నవి. చేసే పనిని బట్టి చూస్తే అవి డీజిలు కంటె ఎక్కువ నూనె త్రాగుతాయి. అందులో రెండు స్ట్రోకులవి మరీ. కాలని నూనె కొంత పొగతో పాటే బయటికి పోతుంది. అయినా వాటిని వద్దని ఒక్క మాటలో అనను. సంవత్సరంలో రెండు తడులకు మాత్రమే, నలభై యాభై గంటలు నడిపేవారికి, రాత్రి వాగు ఒడ్డున ఇంజను వదలలేక భుజాన వేసుకొని ఇంటికి తెచ్చుకొనేవారికి నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజను సరియైనదే. గంటలు తక్కువైన చోట నూనె పొదుపు కన్నా కొనుగోలు ధర ముఖ్యం.

మీలో శ్రీరాంసాగరు, కడెం జలాశయాల మీద చేపలు పట్టే కుటుంబాలవారు కూడా ఉంటే, పడవ మోటారుకు కూడా ఇదే న్యాయం. నీటిని చీల్చుకొంటూ పోయే బరువు పడవకు పొడవును బట్టి ఒక వేగం ఉంటుంది. దానిని మించి తోయబోతే పడవ తాను లేపిన అలను తానే ఎక్కవలసి వస్తుంది; నూనె విపరీతంగా కాలుతుంది, ఒడ్డు మాత్రం అంత త్వరగా రాదు. అక్కడ కూడా పెద్ద మోటారు కాదు, పడవకు తగిన మోటారు, దానికి తగిన రెక్కల పంకా చూడవలెను.

ఇంజను మీద ఉన్న పేరు రేకును చదవండి. అశ్వశక్తితో పాటు కిలోవాటు గంటకు ఎన్ని గ్రాముల నూనె కాలుతుందో దాని మీద, లేదా కాగితాలలో ఉంటుంది. ఈ అంకె ఎంత తక్కువైతే అంత మేలు. 270 గ్రాములంటే అశ్వశక్తి గంటకు సుమారు 200 గ్రాములు. మన ఉదాహరణలోని పనికి అది గంటకు అరలీటరు పైచిలుకు డీజిలు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదా చూడండి. పంపు సెట్లకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీవారి నక్షత్రాల గుర్తు ఉంటే అదీ చూడండి. నక్షత్రాలు ఎక్కువైతే ఖర్చు తక్కువ. పంపు రేకు మీద ఎత్తు కూడా వ్రాసి ఉంటుంది. 25 మీటర్లకు చేసిన పంపును 8 మీటర్ల పనికి తెచ్చుకోవద్దు, ఎంత మంచి కంపెనీదయినా సరే.

అరలీటరు తేడా ఎంత అంటారా? సెకనుకు 10 లీటర్లు వచ్చే పంపుతో ఎకరానికి రెండంగుళాల తడి ఇవ్వటానికి అయిదుంబావు నుండి ఆరు గంటలు పడుతుంది. అయిదెకరాల యాసంగి మొక్కజొన్నకు ఎనిమిది తడులంటే సుమారు 230 గంటలు. గంటకు లీటరు త్రాగే పాత ఇంజనుకు, అరలీటరుతో పని చేసేదానికి తేడా 115 లీటర్లు. లీటరు 100 రూపాయలని లెక్క కట్టితే ఒక్క యాసంగికే 11,500 రూపాయలు. దుకాణంలో రెండు మూడు వేల దగ్గర బేరమాడి, నూనె అంకె అడగకుండా వచ్చే రైతును చూస్తే నాకు బాధ కలుగుతుంది.

నీటి సంగతి కూడా ఒక మాట. మట్టి కాలువలో ఇంకిపోయిన నీటికి కూడా డీజిలు కాలినది. దూరపు మడికి మెత్తని గొట్టం పరచి నీరు తీసుకుపోండి. పత్తికి ప్రతి సాలుకు కాక, సాలు విడిచి సాలుకు తడి ఇస్తే నల్లరేగడిలో నీరు చాలావరకు కలిసివస్తుంది. మరుసటి తడికి విడిచిన సాళ్లు తడపండి.

కొనుగోలు ఖాయం చేసే ముందు రెండు షరతులు పెట్టండి. ఒకటి, ఇంజనును మీ వాగు దగ్గర, మీ పైపుతో గంటసేపు నడిపి డ్రమ్ము, లీటరు పరీక్ష చూపించవలెను. మీ జేబులోని పాత కాగితం పక్కన కొత్త అంకెలు వ్రాసుకోండి. రెండు, నాజిలు, రింగులు, ఫిల్టర్లు మీకు దగ్గర పట్నంలో, నిర్మల్‌లోనో, మంచిర్యాలలోనో, జగిత్యాలలోనో దొరకవలెను. హామీ కాగితం మీద దుకాణం ముద్ర, తేదీ వేయించుకోండి. ఇంజనుతో వచ్చిన పుస్తకంలో మొదటి నూనె మార్పు ఎన్ని గంటలకో వ్రాసి ఉంటుంది. ఆ గంటలు లెక్క పెట్టటానికి పంపు గుడిసె గోడమీద బొగ్గుతో గీతలు గీసుకొన్నా చాలును.