వ్యాయామాన్ని సీసాలో పెట్టొచ్చా? న్యూక్లియర్ రిసెప్టర్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక చిన్న సీసాతో మొదలుపెడతాను. పోయిన నెల జిమ్‌లో మా ఫ్రెండ్ ఒకడు బ్యాగులోంచి డ్రాపర్ సీసా తీసి చూపించాడు. పేరు కార్డరిన్. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడట. "రోజూ కాస్త వేసుకుంటే చాలు మామా, పరిగెత్తకుండానే స్టామినా వస్తుంది. ఎలుకల మీద ప్రూవ్ అయింది" అన్నాడు. లేబుల్ మీద మాత్రం చిన్న అక్షరాల్లో 'పరిశోధన కోసం మాత్రమే' అని ఉంది.

నేను డాక్టర్ని కాదండీ. బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నవాణ్ణి. ఇంటికెళ్లి చదివితే తెలిసింది, వాడు చెప్పిన ఎలుకల మాట నిజమేనని! అది చేసింది కూడా ఆషామాషీ మనిషి కాదు. అమెరికాలో సాల్క్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త రొనాల్డ్ ఎవాన్స్. అయితే ఆ కథని మావాడు సగమే విన్నాడు. ఇవాళ రెండో సగం కూడా చెప్పుకుందాం.

ముందు న్యూక్లియర్ రిసెప్టర్ అంటే ఏంటో చూద్దాం. న్యూక్లియర్ అనగానే అణుబాంబు గుర్తుకు తెచ్చుకోకండి. ఇక్కడ న్యూక్లియస్ అంటే కణంలో డీఎన్ఏ ఉండే కేంద్రకం.

మన శరీరంలో హార్మోన్లు రెండు రకాలుగా కబురు చెబుతాయి. ఇన్సులిన్ లాంటివి కణం లోపలికి రావు. గుమ్మం దగ్గరే నిలబడి కాలింగ్ బెల్ కొడతాయి. మిగతా పని లోపలివాళ్లు చూసుకుంటారు. స్టెరాయిడ్ హార్మోన్లు అలా కాదు. అవి కొవ్వులో కరిగే రకం కాబట్టి గోడ దాటి నేరుగా ఇంట్లోకి వచ్చేస్తాయి. వాటి కోసం లోపల ఒక ప్రొటీన్ కాచుకుని ఉంటుంది. హార్మోన్ వచ్చి అందులో కూర్చోగానే ఆ ప్రొటీన్ ఆకారం మారుతుంది. అది డీఎన్ఏ మీద ఫలానా చోట్ల పట్టుకుని, అక్కడి జీన్లను ఆన్ చేస్తుంది, కొన్నిటిని ఆఫ్ చేస్తుంది. ఈ ప్రొటీనే న్యూక్లియర్ రిసెప్టర్.

1985లో ఎవాన్స్ బృందం మనిషిలోని గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ జీన్‌ని క్లోన్ చేసింది. ఒత్తిడిలో విడుదలయ్యే కార్టిసాల్‌ని అందుకునే రిసెప్టర్ అది. మరుసటి ఏడాది థైరాయిడ్ హార్మోన్ రిసెప్టర్ కూడా దొరికింది. రెండూ ఒకే పోలిక! అసలు ఆ రెండు హార్మోన్ల రసాయన నిర్మాణానికి పొంతనే లేదు, కానీ వాటిని అందుకునే ప్రొటీన్లు మాత్రం అన్నదమ్ముల్లా ఉన్నాయి. అంటే ఇదొక పెద్ద కుటుంబం అన్నమాట. వెతుకుతూ పోతే మనిషిలో మొత్తం 48 తేలాయి. వాటిలో చాలావాటికి ఏ హార్మోన్ వచ్చి అతుక్కుంటుందో మొదట ఎవరికీ తెలీదు. అందుకే వాటికి 'అనాథ రిసెప్టర్లు' అని పేరు పెట్టారు. తాళం చేతిలో ఉంది, తాళంచెవి ఏదో తెలీదు.

ఆ తాళంచెవుల్లో కొన్ని మనం తినే తిండిలోనే దొరికాయి. కొవ్వు ఆమ్లాలు, విటమిన్ ఎ నుంచి వచ్చే పదార్థాలు. అంటే తిండి కేవలం పెట్రోల్ కాదు, జీన్లకు అందే కబురు కూడా. ఈ పరిశోధనలకే 2004లో ఎవాన్స్‌కి, పియర్ షాంబోన్‌కి, ఎల్వుడ్ జెన్‌సన్‌కి కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఇప్పుడు మన సీసాకి దగ్గరయ్యే కుటుంబం చూద్దాం. పేరు పీపార్. ముగ్గురు సభ్యులు: ఆల్ఫా, గామా, డెల్టా.

ఆల్ఫా ఎక్కువగా లివర్‌లో పని చేస్తుంది. తొలి ఏకాదశికి అమ్మ రోజంతా ఉపవాసం ఉంటుంది కదా, అప్పుడు ఒంట్లో నిలవ ఉన్న కొవ్వుని కరిగించి వాడుకునే పనిలో ఇది ముందుంటుంది. ట్రైగ్లిజరైడ్స్ తగ్గించడానికి ఇచ్చే ఫెనోఫైబ్రేట్ పని చేసేది దీని మీదే.

గామా కొవ్వు కణాల్లో ఉంటుంది. దీని గురించి మా ఇంట్లోనే తెలిసింది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు మా నాన్న షుగర్‌కి పయోగ్లిటజోన్ వాడేవారు. షుగర్ బాగా తగ్గింది. కానీ బరువు పెరిగారు, పాదాలు వాచాయి. "షుగర్‌కి మందేస్తే కాళ్లెందుకు ఉబ్బుతాయిరా?" అని నన్నడిగారు. నాకేం తెలుసు! ఇప్పుడు చదివాక అర్థమైంది. గామాని ఆన్ చేస్తే కొవ్వు లివర్‌లో, కండరాల్లో పేరుకోకుండా చర్మం కింద చేరాల్సిన చోటికి చేరుతుంది. దాంతో ఇన్సులిన్ మళ్లీ బాగా పని చేస్తుంది. కానీ అదే రిసెప్టర్ మూత్రపిండాల్లో కూడా ఉంది. ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోతాయి. డాక్టరుగారు మందు మార్చాక వాపు తగ్గింది. 2013 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఈ మందు అమ్మకాలు ఆపేసి, జూలై చివర్లో మూత్రాశయ క్యాన్సర్ హెచ్చరికతో మళ్లీ అనుమతించింది కూడా.

ఇక డెల్టా. కండరాల్లో కొవ్వుని కాల్చే పని దీనిది. 2004లో ఎవాన్స్ బృందం కండరాల్లో డెల్టా ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఎలుకల్ని తయారు చేసింది. అవి మామూలు ఎలుకల కంటే దాదాపు రెట్టింపు దూరం పరిగెత్తాయి. 'మారథాన్ ఎలుకలు' అని పేరొచ్చింది. తర్వాత జీన్లు మార్చకుండా మందుతో చేయగలమా అని చూశారు. ఆ మందు పేరు జీడబ్ల్యూ 501516. మా ఫ్రెండ్ సీసాలో కార్డరిన్ పేరుతో ఉన్నది అదే.

2008 ఫలితాలు జాగ్రత్తగా వినండి. మందుతో పాటు రోజూ పరిగెత్తించిన ఎలుకల ఓపిక బాగా పెరిగింది. మందు ఇచ్చి ఊరికే కూర్చోబెట్టిన ఎలుకల్లో పెరగలేదు! 2017లో ఎనిమిది వారాలు మందిస్తే, కూర్చున్న ఎలుకలు కూడా సుమారు 160 నిమిషాల బదులు 270 నిమిషాలు పరిగెత్తాయి. మావాడు విన్న సగం ఇదే.

రెండో సగం. మందుని అభివృద్ధి చేస్తున్న గ్లాక్సోస్మిత్‌క్లైన్ 2007లోనే ఆపేసింది. దీర్ఘకాలం ఇచ్చిన జంతువుల్లో చాలా అవయవాల్లో క్యాన్సర్ గడ్డలు కనబడ్డాయి. 2013లో ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ వాడా, ఇది వాడొద్దని ఆటగాళ్లని బహిరంగంగా హెచ్చరించింది.

మన హైదరాబాద్‌లో కూడా ఇలాంటి కథ ఉంది. డాక్టర్ రెడ్డీస్ శాస్త్రవేత్తలు ఆల్ఫా, గామా రెండిటి మీదా పని చేసే రాగాగ్లిటజార్ కనిపెట్టారు. డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ దాన్ని తీసుకుని మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. 2002లో ఎలుకల మూత్రాశయంలో గడ్డలు కనబడగానే ఆపేశారు. మన ఊళ్లో పుట్టిన మందు అంత దూరం వెళ్లి ఆగిపోతే బాధే. కానీ ఆపడమే సరైన పని.

ఎందుకిలా జరుగుతుంది? నా భాషలో చెప్తాను. ఆఫీసులో ఒకసారి నేను ఒక చిన్న కాన్ఫిగ్ వాల్యూ మార్చాను. నా స్క్రీన్ బాగైంది. ఆ వాల్యూని ఇంకెన్ని మాడ్యూల్స్ చదువుతున్నాయో చూసుకోలేదు. రాత్రి పదకొండుకి ఫోన్ వచ్చింది. న్యూక్లియర్ రిసెప్టర్ కూడా అలాంటిదే. అది ఒక్క జీన్‌కి కట్టిన స్విచ్ కాదు, వందల జీన్లకు. కండరంలో కొవ్వు కాల్చమన్న మందు పేగులో, లివర్‌లో కూడా అదే రిసెప్టర్‌ని లేపుతుంది. మనం పరిగెత్తినప్పుడు శరీరం ఆ స్విచ్‌ని కండరంలో కాసేపు వేసి మళ్లీ తీసేస్తుంది. మందు మాత్రం ఒళ్లంతా, రోజంతా వేసి ఉంచుతుంది.

అలాగని ఈ పరిశోధన దండగ అనుకోకండి. మన దేశంలోనే కనిపెట్టిన సారోగ్లిటజార్ ఈ కుటుంబానిదే, 2013లో ఇక్కడ అనుమతి వచ్చింది. నడవలేని రోగులకు, కండరాలు కరిగిపోయే జబ్బులవాళ్లకు ఏదోరోజు సురక్షితమైన వ్యాయామపు మందు రావొచ్చు. పరీక్షలు దాటి రావాలి, అంతే.

మా ఫ్రెండ్‌కి ఇదంతా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "మరి డబ్బులు పోయినట్టేనా?" అన్నాడు. డబ్బులే కదా మామా, పోనీ అన్నాను. సీసా పారేశాడో లేదో అడగలేదు కానీ, ఈ వారం పొద్దున్నే కేబీఆర్ పార్కుకి ఇద్దరం కలిసి వెళ్తున్నాం. రెండో రౌండ్‌కే వాడికి ఆయాసం వస్తోంది. నాకు మొదటి రౌండ్‌కే.

మీ ఇంట్లో ఎవరైనా షుగర్ మందులు వాడుతుంటే, ఈ వీడియో చూసి సొంతంగా ఆపేయకండి, డాక్టర్ని అడగండి. మీ జిమ్‌లో ఇలాంటి సీసా కనబడితే మాత్రం ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.